ఏడో గడిలో ఆగిన ఏనుగు

కళ్లద్దాలాయన భార్యకి మొగుడి మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదులేమీ లేవు. తాగడు, పేకాడడు, కళ్లద్దాల షాపు మూసి తిన్నగా ఇంటికొస్తాడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ‘నాకు తెలియదు’ అనే మాట ఆయన నోటికి రాదు. దారి అడిగినవాడిని, తనెప్పుడూ అడుగుపెట్టని వీధికైనా సరే, మూడు మలుపులు చెప్పి మరీ పంపిస్తాడు. అలా వెళ్లినవాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చి తన్నకపోవడం ఆవిడని ఇరవై ఏళ్లుగా ఆశ్చర్యపరుస్తూనే ఉంది. కుక్కరు బాగుచేస్తానని కూర్చుంటే చివరికి మూత ఒక్కటే మిగిలింది. మందుచీటీ చదివి, అది రాసిన డాక్టరుకే అర్థం చెప్పి వచ్చాడొకసారి. ఇవన్నీ ఆవిడ భరించింది. భరించడమేమిటి, సాయంత్రాలు అదొక కాలక్షేపం కూడాను.

కానీ ఆ జబ్బు ఒకనాడు ఒక ఫారంలోకి ఎక్కుతుందని, ఎక్కించే చెయ్యి తనదే అవుతుందని మాత్రం అనుకోలేదు.

ఆ ఫారం కూతురి కాలేజీ స్కాలర్‌షిప్పుది. చదరంగం బాగా ఆడే పిల్లలకి ఆ కాలేజీవాళ్లు ఏటా రెండు సీట్లు ఇస్తారు. నాలుగేళ్ల చదువు, హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్లవే. మూడు రోజుల్లో ఏడు ఆటలు పెట్టి, మొదటి ఇద్దరినీ తీసుకుంటారు. మిగతావాళ్లకి ఒక సర్టిఫికెట్టూ, అది దాచుకోవడానికి ఒక ప్లాస్టిక్ ఫైలూ ఇస్తారు. కూతురికి పదిహేడేళ్లు. ఇంట్లో పిచ్చుక అంటారు. సీటు రాకపోతే పిచ్చుక షాపులో అక్షరాల చార్టు పక్కన కర్ర పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లని ‘ఈ వరుస కనిపిస్తోందా?’ అని అడుగుతూ ఉండాల్సిందే. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఎత్తరు.

ఫారంలో ‘శిక్షకుడు’ అని ఒక గడి ఉంది.

“గీత పెట్టేస్తున్నా,” అంది ఆవిడ.

“గీత ఎందుకు? నేను లేనూ? రాయి. తండ్రి. ఎనిమిదేళ్లుగా, రోజుకి రెండు గంటలు.”

“ఏమండీ, మీకు...”

“రాయవోయ్! రేపు ఎవరు నేర్పారని పదిమందీ అడుగుతారు. గీత నేర్పిందని చెప్పమంటావా?”

ఆవిడ రాసింది. చదువుకునే రోజుల్లో ఆవిడ దస్తూరికి పేరుండేది. అబద్ధం కూడా అంత అందంగానూ వచ్చింది.

నిజానికి బోర్డు కొన్నది మాత్రం ఆయనే. మొదటి సాయంత్రం గుర్రాన్ని తిన్నగా పరిగెత్తించి, బంటుని వెనక్కి నడిపించి, “ఇదీ ఆట,” అన్నాడు. మర్నాడు పిల్ల స్కూలు లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుంది. దాన్ని వంటింటి గట్టు మీద ఆనించి, ఉల్లిపాయలు తరుగుతూ ఎత్తులు పైకి చదివేది తల్లి. ముందు గదిలో పావులు కదిపేది కూతురు. ఆ పిల్లకి ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మహా మేధావిలా కూర్చునేవాడు తండ్రి. పది నిమిషాల్లో కునుకు పట్టేది. పిచ్చుక చప్పుడు కాకుండా బోర్డు తిప్పుకుని, రెండు పక్షాలూ తనే ఆడేది. మర్నాడు షాపులో మాత్రం కథ వేరేగా ఉండేది. “నిన్న మా పిల్లని ఒక ఇరకాటంలో పెట్టానండీ, గంటసేపు తల గోక్కుంది!” అలా అలా బజారులో ఆయన గురువుగారైపోయాడు.

మూడో రోజు. ఆఖరి ఆట. కాలేజీ లైబ్రరీలో హాలు ఖాళీ చేయించి బల్లలు వేశారు. హాలుకీ వరండాకీ మధ్య పొడుగాటి గాజు తలుపులు. పిల్లలు లోపల, పెద్దవాళ్లు బయట. తలుపు మీద కాగితం అంటించారు: మాట్లాడరాదు, చేతులు ఊపరాదు, సైగలు చేయరాదు. ఊపిరి పీల్చరాదని ఒక్కటి మర్చిపోయారు అనుకుంది ఆవిడ.

పిచ్చుక రెండో బల్ల దగ్గర ఉంది. గెలిస్తే సీటు. డ్రా అయినా సీటే. ఓడితే నాలుగో స్థానం, ప్లాస్టిక్ ఫైలు. ఎదురుగా కూర్చున్న అబ్బాయి మాత్రం గెలిచి తీరాలి, అందుకని దూకుడుగా వస్తున్నాడు. పిచ్చుక గుర్రం ఒక మూల ఇరుక్కుంది. వాడి ఏనుగులు రెండూ తెరిచిన దారిలో కాచుక్కూర్చున్నాయి. గాజు ఇవతల నుంచి ఆవిడకి అదంతా వంటింటి గట్టు మీద పుస్తకంలా స్పష్టంగా కనిపిస్తోంది.

“మనదే పైచెయ్యి,” అన్నాడు కళ్లద్దాలాయన, పెదాలు కదపకుండా.

“మనవి నల్లవండీ.”

“నాకు తెలీదా?”

“ఇందాకట్నుంచీ తెల్లవాటిని చూసి తలాడిస్తున్నారు.”

ఆయన కళ్లద్దాలు తీశాడు. ఆవిరి ఊది, చొక్కా కొసతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. పాతికేళ్లుగా అదే పని చేసిన చేతులవి. కంగారు పుడితే వాటికి ఇంకేం చెయ్యాలో తెలీదు. పెళ్లిచూపులనాడు ఆవిడ తండ్రి కళ్లద్దాలు కూడా అడిగి మరీ తుడిచాడు.

ఆ చేతులని ఇంకొకాయన కూడా చూస్తున్నాడు. నెత్తిన ఎప్పుడూ టోపీ ఉండే మాస్టారు, ఎదుటి అబ్బాయికి శిక్షకుడు. అరగంటగా చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. ఆవిడ అది గమనించేసరికే ఆయన బుక్కు మూసి, లోపల పిల్లల మధ్య తిరుగుతున్న ఆర్బిటరుకి, అంటే ఆటకి అంపైరుగా ఉన్న పెద్దమనిషికి, చెయ్యెత్తి చూపించాడు.

రెండు నిమిషాల్లో ఆలుమగలిద్దరినీ పక్క గదిలోకి పిలిచారు.

అది చిరిగిన పుస్తకాలు కుట్టి అతికించే గది. జిగురు వాసన వేస్తోంది. దారం ఉండలు, చెక్క ప్రెస్సు, బల్ల మీద ఒక చదరంగం బోర్డు. తలుపుకి గడియ సరిగ్గా పడదు, జానెడు సందు మిగిలిపోయింది. ఆ సందు పక్కకి వరండాలో తల్లిదండ్రులందరూ జరగడం ఆవిడ ఓరకంట చూసింది. తనైనా జరిగి ఉండేది.

లోపల కాలేజీ స్పోర్ట్స్ మేడమ్ చేతిలో ఫైలుతో కూర్చుంది. ఆమెకి జలుబు. మాటకొకసారి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటోంది.

“చెప్పండి మాస్టారూ,” అన్నాడు ఆర్బిటరు.

టోపీ మాస్టారు నోటుబుక్కు తెరిచాడు. “ఈయన ఎడమ అద్దం తుడిచినప్పుడల్లా ఆ అమ్మాయి బోర్డుకి ఎడమ పక్క ఆడుతోంది సార్. కుడి అద్దం తుడిస్తే కుడి పక్క. ఎనిమిదిసార్లు రాసుకున్నా, ఆరుసార్లు సరిపోయింది. సైగలు చేస్తున్నాడు.”

“సైగలా! నేనా!” కళ్లద్దాలాయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“చూడండి, చూడండి!”

“ఏమండీ, చేతులు,” అంది ఆవిడ. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆర్బిటరు గొంతు పెంచలేదు. “బయట నుంచి సాయం అందిందని తేలితే మీ అమ్మాయి ఈ ఆట ఓడిపోయినట్టు రాస్తాను. ఇప్పుడైతే ఆట ఆపను. గడియారాలు నడుస్తూనే ఉంటాయి, పిల్లలిద్దరికీ ఏమీ చెప్పను. అది ముగిసేలోగా మనం తేల్చాలి.” ఆయన కళ్లద్దాలాయన వైపు తిరిగాడు. “మీరు ఆటగాళ్లా?”

ఆవిడ మొగుడి మొహంలోకి చూస్తూ మనసులోనే అనుకుంది. కాదనండి, కాదనండి, కాదనండి.

“ఆటగాణ్ణేమిటండీ, గురువుని! ఎనిమిదేళ్లుగా నేనే నేర్పుతున్నా.”

“నోటీసు బోర్డు మీద మీరు అంటించిన జాబితాలోనూ అదే ఉంది కదా సార్,” అన్నాడు టోపీ మాస్టారు. “శిక్షకుడు: తండ్రి. ఆ సీటు ఎవరికి రావాలో వాళ్లకే రానివ్వండి. మావాడికీ ఇదే ఆఖరి అవకాశం.”

స్పోర్ట్స్ మేడమ్ ఫైల్లోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ తన దస్తూరిని గుర్తుపట్టి చూపు పక్కకి తిప్పుకుంది.

ఆర్బిటరు బోర్డు ముందుకి లాక్కుని కాసిని పావులు పేర్చాడు. పై వరుసలో నల్ల రాజు, వాడి ముందు గోడ కట్టినట్టు మూడు నల్ల బంట్లు. కింది వరుసలో ఒక తెల్ల ఏనుగు. ఏనుగు ఉన్న నిలువు వరుసలో ఇంకో పావు లేదు. పక్కన ఉత్తినే ఒక తెల్ల గుర్రం, ఒక తెల్ల రాజు.

“సైగ చెయ్యాలంటే ముందు ఆట తెలియాలి. తెల్లవాళ్ల ఎత్తు. ఒక్క ఎత్తులో ఆటకట్టు. చూపించండి.”

ఆవిడకి రెప్ప వేసేంత సేపు పట్టలేదు. ఏనుగుని తిన్నగా పై వరుస దాకా తోసెయ్యడమే. రాజుకి తన బంట్లే అడ్డం, ఎటూ కదల్లేడు. పిచ్చుక పదేళ్లప్పుడు ఇలాంటివి పళ్లు తోముకుంటూ చెప్పేది. ఆవిడ మొహాన్ని గోడలా పెట్టుకుని జిగురు డబ్బా వైపు చూసింది.

మొగుడి మొహం మాత్రం వెలిగిపోతోంది. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. అప్పుడర్థమైంది ఆవిడకి. పరీక్ష పెట్టారు కాబట్టి ఈయన పాసవుదామని చూస్తున్నాడు! పాసయితే పిల్ల ఓడిపోతుందన్న ముక్క ఆ బుర్రకి తట్టనే లేదు.

మామూలుగా మొగుడు తప్పు చెయ్యాలని ఆవిడ ప్రత్యేకంగా కోరుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. దానంతటదే జరిగిపోయేది. ఇవాళ మొదటిసారి మనసారా కోరుకుంది.

ఆయన వేలు గుర్రం మీదికి వెళ్లింది. హమ్మయ్య. గుర్రం మీంచి లేచింది. రాజు మీద కాసేపు గాలిలో తిరిగింది. తర్వాత కిందికి దిగి, ఏనుగు నెత్తి మీద వాలింది.

“పట్టుకున్నాడు,” అన్నాడు టోపీ మాస్టారు మెల్లగా.

ఆయన ఏనుగుని బోర్డు మీద నుంచి ఎత్తలేదు. షాపులో అద్దాల ట్రే తోసినట్టు గడి గడికీ జరుపుతున్నాడు. రెండో గడి. మూడో గడి. గోడ గడియారం టిక్కుమంటోంది. నాలుగు. బయట వరండాలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అయిదు. ఆవిడ చీర కొంగు గుప్పిట్లో నలిగిపోతోంది. ఆగండి, ఆగండి మహానుభావా. ఆరు. స్పోర్ట్స్ మేడమ్ రుమాలు ముక్కు దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయింది. ఏడు.

ఏడో గడిలో ఏనుగు ఆగింది. ఆయన వేలు దాని మీదే ఉంది. పైన ఇంకొక్క గడి ఖాళీగా ఉంది. వేలు కదిలింది. ముందుకా, వెనక్కా?

పైకి లేచింది.

“ఆటకట్టు!” అన్నాడు కళ్లద్దాలాయన. భార్య వైపు తిరిగి కన్ను కొట్టినంత పనిచేశాడు.

ఆర్బిటరు బోర్డు మీదికి వంగి చూశాడు.

“పై గడిలో ఎందుకు పెట్టలేదు?” అడిగాడు ఆర్బిటరు, మర్యాదగా.

“ఎలా పెడతామండీ? చివరాఖరికి పోతే ఏనుగు ఇరుక్కుపోదూ? వెనక్కి రావడానికి చోటుండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటే అది.”

“నటన!” టోపీ మాస్టారు లేచాడు. “రానట్టు నటించడం ఎంతసేపు సార్? ఎవరైనా చేస్తారు!”

ఆవిడకీ ఆ మాట తట్టింది. నిజమే. వచ్చని చూపించొచ్చు గానీ, రాదని ఎలా చూపిస్తారు?

ఆర్బిటరు పావులు ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు. “మాస్టారూ, ముప్పై ఏళ్లుగా ఓడిపోయేవాళ్లని చూస్తున్నాను. కావాలని ఓడిపోయేవాళ్లు కూడా తెలుసు. వాళ్లెవరూ ఇంత సంతోషంగా ఓడిపోరు. ఈయనకి ఆట రాదు.”

ఆవిడ ఊపిరి వదిలింది. వదిలింది పూర్తిగా బయటికి రాకముందే కళ్లద్దాలాయన కుర్చీలోంచి లేచాడు.

“రాదా? నాకు రాదంటారా? ఇంకోటి పెట్టండి!”

“ఏమండీ, కూర్చోండి.”

“నువ్వుండవోయ్. కష్టమైనది పెట్టమనండి!”

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని చెక్క ప్రెస్సు దగ్గరికి లాక్కెళ్లింది. “మీకు ఆట వచ్చని తేలితే దాని చదువు పోతుంది. తెలుస్తోందా?” అంది చెవి దగ్గర.

“రాదని తేలితే నా పరువు పోతుంది. ఆ సందులోంచి వింటున్నవాళ్లందరికీ మూడు రోజులుగా ఏం చెప్పానో నీకు తెలీదు. ఇద్దరికి పాఠాలు కూడా చెప్పాను.”

“ఎవరికి?”

“మూడో బల్ల అబ్బాయి వాళ్ల నాన్నకి. పాపం, రాసుకున్నాడు కూడా.”

ఇంకో రోజైతే ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

స్పోర్ట్స్ మేడమ్ గొంతు సవరించుకుంది. “ఆర్బిటరుగారు రాదంటున్నారు. ఫారంలో మీరు నేర్పారని ఉంది. సంతకం మీదే. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆ గడికి మార్కులేమీ లేవు, ఖాళీగా వదిలినా సరిపోయేది. కానీ ఇది ఇలాగే ఉంటే మాస్టారు పెట్టిన ఫిర్యాదు నేను కొట్టెయ్యలేను. ‘నాకు ఆట రాదు, నేనేమీ నేర్పలేదు, ఫారంలో రాసింది తప్పు.’ ఇంతే. మా ముందు చెప్పి, రాసి సంతకం పెట్టండి. ఫిర్యాదు ఇక్కడితో ఆగిపోతుంది.”

తెల్లకాగితం, పెన్ను ముందుకి జరిగాయి.

ఆయన కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. పెట్టాడు. కళ్లద్దాలు తీయబోయి, టోపీ మాస్టారిని చూసి మానుకున్నాడు.

“‘అంతగా రాదు’ అని రాయొచ్చా?”

“రాయకూడదు.”

“‘ఈమధ్య ఆడటం లేదు’ అని?”

“వచ్చా, రాదా?”

“అంటే, మేడమ్, వచ్చు అనే మాటలో చాలా రకాలుంటాయి...”

ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన మొండికేస్తాడని ఇరవై ఏళ్ల కాపురంలో తెలుసుకుంది. పైగా ఆ ముత్యాల్లాంటి అక్షరాలు తనవే. ఆనాడు గీత పెట్టేసి, రాశానని ఆయనతో అబద్ధమాడి ఉంటే ఈ గదిలో ఎవరూ ఉండేవారు కాదు. చేతికందిన బంగారంలాంటి ఆ అబద్ధాన్ని వదిలేసి, ఆయన అబద్ధాన్ని రాసిపెట్టింది.

హాల్లో కుర్చీలు జరిగిన చప్పుడైంది. తలుపు తోసుకుని పిచ్చుక వచ్చింది, చేతిలో ఎత్తులు రాసుకున్న కాగితంతో. మొహం పాలిపోయి ఉంది. వెనకాలే ఆర్బిటరు అసిస్టెంటు.

“రెండో బల్ల డ్రా సార్. ఈ అమ్మాయి రెండో స్థానం.”

ఆవిడకి ఆ ఇరుక్కున్న గుర్రాన్ని ఎలా బయటికి తెచ్చావే తల్లీ అని అడగాలనిపించింది. తనకి ఆట వచ్చని బయటపడుతుందని, అడక్కుండా పళ్లు బిగపట్టుకుంది.

“అసిస్టెంటుగారు ఇక్కడికి రమ్మన్నారు. ఏమైందమ్మా?” అంది పిచ్చుక. టోపీ మాస్టారినీ, తండ్రి ముందున్న తెల్లకాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

ఎవరూ జవాబు చెప్పేలోగానే టోపీ మాస్టారు అడిగాడు. “నీకు ఆట ఎవరు నేర్పారమ్మా?”

“మాస్టారూ!” అన్నాడు ఆర్బిటరు. కానీ ప్రశ్న అడగడం అయిపోయింది.

పిచ్చుక తండ్రి వైపు చూసింది. ఆయన పెన్ను పట్టుకుని, తల వంచుకుని, స్కూల్లో దెబ్బలు తిన్న పిల్లాడిలా ఉన్నాడు. ఆ పిల్లకి ఏం జరిగిందో తెలీదు. తండ్రిని నలుగురూ కలిసి చిన్నబుచ్చుతున్నారని మాత్రం అర్థమైనట్టుంది. గడ్డం పైకెత్తింది.

“మా నాన్నే. రోజూ రెండు గంటలు నా ఎదురుగా కూర్చుని నేర్పేవారు.”

“విన్నారా మేడమ్?” అన్నాడు టోపీ మాస్టారు.

స్పోర్ట్స్ మేడమ్ ఆర్బిటరు మొహంలోకి చూసింది. ఆర్బిటరు నుదురు రుద్దుకున్నాడు. ఫలితాల కాగితం ఆయన ముందే ఉంది. రెండో స్థానం ఎదురుగా ఉన్న పేరు మీద పెన్ను మొన ఆగింది, కొట్టెయ్యడానికి ఎంతో దూరం లేదు.

ఆవిడ నోరు తెరిచింది. చెప్పేద్దామనుకుంది, పుస్తకం సంగతి, ఉల్లిపాయల సంగతి, కునుకుల సంగతి. కానీ తను చెబితే పెళ్లాం మాటవుతుంది, ఇంకో నటనవుతుంది. ఇది ఒక్క నోటి నుంచే రావాలి. ఆ నోరు ఇంతవరకూ ఆ పని ఎరగదు.

కళ్లద్దాలాయన లేచాడు. కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు. అలా తీసి కాగితం మీద పెట్టేశాడు. అవి లేకపోతే ఆయనకి రెండడుగుల అవతల మనిషి ఆనడు. సందులోంచి చూస్తున్నవాళ్లెవరూ కనపడకూడదనేమో.

“లేదమ్మా,” అన్నాడు కూతురితో. “నేను కూర్చునేవాణ్ణి, అంతే. నిద్రపోయేవాణ్ణి. నువ్వు చూసీ చూడనట్టు ఊరుకునేదానివి.”

“నాన్నా...”

“ఆగు. గుర్రం ఎలా నడుస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు. ఇందాక ఏనుగు కూడా తెలీదని తేలింది. ఇది తనంతట తనే నేర్చుకుందండీ. వాళ్లమ్మ వద్దంటున్నా వినకుండా ఆ ముక్క రాయించింది నేను.”

“కాస్త గట్టిగా చెప్పండి,” అంది స్పోర్ట్స్ మేడమ్, కాగితం తన వైపుకి లాక్కుని. “రాసుకుంటున్నాను.”

ఆయన తలుపు వైపుకే తిరిగి, వరండా చివరిదాకా వినపడేలా చెప్పాడు.

“నాకు చదరంగం రాదు. ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు. తప్పు నాది.”